పడిందని చెప్పే మనిషి

మంగఫ్‌లో మా గది కింద బకాలా కొట్టు ఉంది. మంగళవారం పొద్దున అక్కడ ఖుబ్బూస్ రొట్టెల కోసం నిలబడి ఉంటే, నా ముందున్న రాయచోటి మనిషి వెనక్కి తిరిగి, "మీ షెడ్డు చాచా పోయినాడంట గదా, తెలుసునా?" అన్నాడు.

"ఏ చాచా అండి?" అన్నాను. తెలిసే అడిగాను. మాకు షెడ్డు ఒకటే, చాచా ఒకడే.

"అదేనప్పా, చిన్న ఇమానం చక్రాలు చూస్తాన్న్యాడే, ఆయప్ప. మొన్న ఆదివారం నిద్దట్లోనే పోయినాడంట. మంచి సావు."

రొట్టెలు బకాలాలోనే మర్చిపోయి మెట్లెక్కేశాను. మనిషి పోయాడంటే ముందు దుఃఖం రావాలి కదా. నాకు ముందు ఊరట కలిగింది. ఇంక ఆయన నన్ను ఏమీ అడగడు అనుకున్నాను. మూడో అంతస్తు చేరేసరికి ఆ ఊరటకి సిగ్గు వేసింది. ఏడుపు ఆ తర్వాతెప్పుడో, బాత్రూములో నీళ్లు పట్టుకుంటుంటే వచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. నాలుగేళ్లుగా ఆ పేరు పక్కన ఒక తప్పు నిలబడి ఉంది. ఆ తప్పు ఆయనది కాదు. అది ఎవరిదో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఆయన పొట్టి మనిషి. షెడ్డులోకి రాగానే ప్యాంటు విప్పి లుంగీ కట్టేవాడు. కళ్లజోడు జారకుండా వెనక రబ్బరు తాడు ముడి వేసుకునేవాడు. ఎడమచేతి చిటికెన వేలి గోరు ఒక్కటే పెంచేవాడు. అది సోకు కాదు, పనిముట్టు. విమానం చక్రాల నూనె సిలిండరు లోపల ఆ గోరు పెట్టి చుట్టూ తిప్పితే, కంటికి కనబడని గీత కూడా ఆయనకి తగిలేది. "ఈడ ఒగ గీత ఉండాది సూడు," అని నా వేలు పట్టుకుని అక్కడ పెట్టేవాడు. నాకేమీ తగిలేది కాదు. తగిలిందనేవాణ్ణి.

నేను కువైట్ వచ్చింది హౌస్ డ్రైవరుగా. జాబ్రియాలో నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇల్లు. పిల్లల్ని బడికి, మామాని బజారుకి, అవసరమైనప్పుడు బాబాని ఊరి బయట ఇసుకలో ఉన్న షెడ్డుకి తీసుకెళ్లడం నా పని. మామా అంటే ఇంటావిడ, బాబా అంటే ఇంటి యజమాని. చమురు కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాక, పెట్టెల్లో ముక్కలుగా వచ్చిన విమానాన్ని ఆరేళ్లు కూర్చుని తన చేతులతో తనే బిగించుకున్నాడు. ఇద్దరు పట్టే బుల్లి విమానం. గాల్లోకి లేచాక దాని చక్రాలు మూడూ కొంగ కాళ్లలాగా కడుపులోకి ముడుచుకుంటాయి. ముడిచేది, దించేది ఎర్రటి నూనె. చిన్న మోటారు ఆ నూనెని సన్నటి గొట్టాల్లోకి తోస్తే, ఒక్కో చక్రం దగ్గరున్న సిలిండరులో కడ్డీ కదులుతుంది. నూనె కారిపోకుండా ఆ కడ్డీ చుట్టూ నల్లటి రబ్బరు చుట్టు ఒకటి ఉంటుంది. ఉంగరమంత. విమానమంతా బాబా బిగించుకున్నా, ఈ నూనె గొట్టాల పని మాత్రం ఆయనకి చేతకాలేదు. పాతికేళ్లు క్రేన్లకీ పొక్లెయిన్లకీ సిలిండర్లు బాగుచేసిన చాచాని అందుకే తెచ్చుకున్నాడు.

"క్రేనుకీ దీనికీ ఏంటండి తేడా?" అని మొదట్లో అడిగాను.

"క్రేను కూలితే కిందుండేవోడు పోతాడు. ఇది కూలితే పైనుండేవోడు పోతాడు. అంతే అబ్బీ," అన్నాడు.

నన్ను 'అబ్బీ' అనే పిలిచేవాడు. నాకు ముప్పై నాలుగేళ్లు, ఊళ్లో భార్యాబిడ్డలున్నారు. అయినా అబ్బీనే. మామాకి పని లేని రోజుల్లో నేను షెడ్డులోనే ఉండి ఆయనకి చెయ్యందించేవాణ్ణి. అమలాపురంలో ఐటీఐ చదివినవాణ్ణి కదా, పెద్దాయనకి లెక్కలూ కొలతలూ నేర్పుదామన్న పొగరు కూడా కొంచెం ఉండేది. ఐదో తరగతి దాటని ఆ మనిషి నా కొలతలు ఓపిగ్గా విని, "బాగుండాది," అని మళ్లీ గోరు పెట్టుకునేవాడు.

పొద్దున్నే ఆయన చేసే మొదటి పని చక్రాలకి ముఖం కడగడం. ఆ మాట ఆయనదే. పాత బనియన్లు జానెడు ముక్కలుగా కోసి పెట్టుకునేవాడు. ఒక్కో కడ్డీకి ఒక్కో ముక్క. తుడిచాక ఆ గుడ్డని వెలుగులో పట్టుకుని చూసేవాడు, వాసన చూసేవాడు. మరక సన్నగా ఉంటే "చెమట పట్టింది" అనేవాడు, కాస్త పెద్దదైతే "ఏడుస్తాంది." ఏడిస్తే ఇంక ఆ రోజు విమానం కదలదు. బాబా ఎంత బతిమాలినా కదలదు.

చక్రాలు దిగడానికి పట్టే సమయాన్ని బాబా గడియారంతో కొలిచేవాడు. చాచాకి తన ఊరు రాయచోటి నుంచి కడప పోయే బస్సు చాలు. విమానాన్ని జాకీల మీద ఎత్తి, బాబా లోపల కూర్చుని మీట నొక్కగానే ఈయన దారిలో ఊళ్ల పేర్లు మొదలుపెట్టేవాడు. "రాయచోటి... రామాపురం... గువ్వలచెరువు... ఘాటు... కడప." కడప అనేసరికి మూడు చక్రాలూ దిగి టక్కుమని తాళం పడాలి. లోపల మూడు పచ్చదీపాలు వెలగాలి. కడప దాటిపోతే ఎక్కడో నూనె కారుతున్నట్టు, ఘాటులోనే వచ్చేస్తే గొట్టాల్లో గాలి ఉన్నట్టు. ఒకసారి గడియారం పెట్టి నేను పరీక్షించాను. పది సార్లలో పది సార్లూ ఆయన బస్సు వేళకే వచ్చింది. చివరికి బాబా కూడా విమానం ఎక్కేముందు కిటికీలోంచి తల బయటపెట్టి, "కడబా?" అని అడిగేవాడు. ఈయన చెయ్యెత్తి, "కడప," అంటేనే ఇంజను స్టార్టు చేసేవాడు.

ఆ విమానం మాత్రం ఆయన ఒక్కసారి కూడా ఎక్కలేదు. బాబా ఎన్నిసార్లు పిలిచినా రెండు చేతులూ అడ్డంగా ఊపేవాడు. "నా పని చక్రం నేలకి తగిలేదాకానే," అనేవాడు. ఊరికెళ్లే పెద్ద విమానంలో కూడా అందరూ లేచేటప్పుడు దండం పెట్టుకుంటే ఈయన దిగేటప్పుడు పెట్టుకునేవాడట. సీట్ల కింద చక్రాలు దిగే గుర్రుమనే చప్పుడు రాగానే రాయచోటి, రామాపురం అంటూ మొదలుపెట్టేవాడట. "పెద్దవాటికి కడప చాలదు అబ్బీ, మైదుకూరు దాకా పోవాల," అని నవ్వేవాడు.

షెడ్డులో ఆయన పెట్టిన చట్టం ఒక్కటే. చేతిలోంచి ఏది జారినా "పడింది" అని గట్టిగా అరవాలి. నట్టు కానీ, వాషరు కానీ, ఆఖరికి అగ్గిపుల్ల కానీ. పడింది అని వినబడగానే అందరూ ఎక్కడి పని అక్కడ ఆపేయాలి. పడింది దొరికాకే మళ్లీ మొదలు. ఆయన చేతిలోంచి జారినా అంతే, తన మీద తనే చాడీ చెప్పుకున్నట్టు షెడ్డంతా వినబడేలా అరిచేవాడు.

"పడేది తప్పు గాదు," అనేవాడు. "చెయ్యన్నాక జారుతాది. పడిందని చెప్పకపోవడమే తప్పు. కిందబడినేది యాడికి పోయి చేరుతాదో నీకు తెల్దు. దాని మింద ఒగ మనిషి ఎగరాల."

బాబా స్నేహితులు సరదాగా షెడ్డుకి వచ్చేవాళ్లు. వాళ్లకి ఇది మంచి కాలక్షేపం. ఖర్జూరం పండు చేతిలోంచి జారినా "బడింది! బడింది!" అని అరిచి పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. చాచా కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు, వంగి ఆ ఖర్జూరం తీసి చెత్తబుట్టలో వేసేవాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఒకసారి నా చేతిలోంచి పానా జారి నేను అరవాల్సి వచ్చినప్పుడు వాళ్లందరూ చప్పట్లు కొట్టారు. ఇంక ఈ జన్మలో అరవకూడదు అనుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

ఆయన ఎక్కడికైనా వెళ్లి తిరిగి రాగానే, వేరేవాళ్లు "తిన్నావా?" అని అడిగినట్టు, "ఏమన్నా పడిందా అబ్బీ?" అని అడిగేవాడు.

ఇక పోపుల డబ్బా సంగతి. స్టీలుది, ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. ఆవాలు, జీలకర్ర ఉండాల్సిన గిన్నెల్లో రబ్బరు చుట్లు ఉండేవి. చుట్టూ ఉన్న ఆరు గిన్నెల్లో విమానం సిలిండర్లవి, సైజుల వారీగా. నడిమి గిన్నెలో బాబా పాత జీపు బ్రేకులకి వేసేవి. "నడిమిది ముట్టద్దు. అది వేరే జాతి," అని చెప్పాడు. ఎందుకు వేరో కూడా చెప్పే ఉంటాడు. నేను ఫోను చూసుకుంటూ విన్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం చాచా, బాబా కలిసి నమాజుకి వెళ్లారు. నేను బల్ల తుడుస్తున్నాను. మోచెయ్యి తగిలి పోపుల డబ్బా సిమెంటు నేల మీద పడింది. మూత ఒకవైపు, గిన్నెలు ఒకవైపు, నల్లటి చుట్లు షెడ్డంతా దొర్లాయి. నోరు తెరిచాను. కానీ వినడానికి అక్కడ ఎవరూ లేరు. ఖాళీ షెడ్డులో అరవడానికి నాకు నవ్వొచ్చింది. మోకాళ్ల మీద పాకి అన్నీ ఏరాను. వేళ్లకి తొడిగి చూసి సైజుల ప్రకారం సర్దాను. నడిమి గిన్నెలో ఐదో ఆరో ఉండేవని గుర్తు. ఆరు వేశాను. ఏ ఆరో నాకు తెలియదు. మూత తుడిచి, ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడే పెట్టాను.

వాళ్లు తిరిగొచ్చారు. చాచా బిర్యానీ పొట్లం నా చేతిలో పెడుతూ, "ఏమన్నా పడిందా అబ్బీ?" అన్నాడు.

"లేదు చాచా," అన్నాను.

ఆ వారంలోనే ఎడమ చక్రం సిలిండరు చెమట పట్టింది. చాచా దాన్ని విప్పి, కడిగి, గోరుతో చూసి, డబ్బాలోంచి కొత్త చుట్టు తీసి వేశాడు. ఎర్ర నూనెలో ముంచి, వేలితో సాగదీయకుండా, పసిపిల్ల చేతికి గాజు ఎక్కించినట్టు ఎక్కించాడు. నేను పక్కనే టార్చి పట్టుకున్నాను. జాకీల మీద ఆరుసార్లు ముడిచి తెరిచాం. ఆరుసార్లూ కడప దగ్గర మూడు పచ్చదీపాలు వెలిగాయి. ఆ రెండు జాతుల రబ్బరుకీ కంటికి తేడా లేదు, వేలికి తేడా లేదు. నూనెలో నాలుగు రోజులు నానితే తప్ప తెలియదు.

ఆ తర్వాత పన్నెండు రోజులు దుమ్ముగాలి. విమానం లేవలేదు. సిలిండరు లోపల ఆ చుట్టు నానుతూ కూర్చుంది.

గాలి తగ్గిన రోజు పొద్దున బాబా "కడబా?" అన్నాడు, చాచా చెయ్యెత్తాడు. విమానం లేచింది, చక్రాలు ముడుచుకున్నాయి. ఎడమది కాస్త నెమ్మదిగా వెళ్లినట్టుంది, చాచా నొసలు ముడిచాడు. అరగంట తర్వాత బాబా తిరిగొచ్చి మా నెత్తి మీదుగా చక్రాలు దించాడు. చాచా తల పైకెత్తి మొదలుపెట్టాడు. రాయచోటి, రామాపురం, గువ్వలచెరువు, ఘాటు, కడప. ముందుది దిగింది. కుడిది దిగింది. ఎడమది సగంలో ఆగిపోయింది.

"కడప," అన్నాడు మళ్లీ. "కడప. కడప."

చేతిలోని రేడియోలో బాబా గొంతు వినిపించింది. "యసార్ మాఫీ, చాచా." ఎడమది లేదు అని. మోటారు పనిచేయకపోతే నూనె వదిలేసే పిడి ఒకటి ఉంటుంది. అది లాగితే చక్రాలు తమ బరువుకే పడాలి. బాబా లాగాడు. ఎడమది కదల్లేదు. చాచా గొంతు మాత్రం మారలేదు. "తీనో ఉఠా లో బాబా. పేట్ పే ఆవ్," అన్నాడు రేడియోలో. మూడూ పైకి తీసుకుని కడుపు మీద దిగమని. ఆ ఎడమది సగంలోంచి వెనక్కి వెళ్లడానికి నాలుగుసార్లు మీట నొక్కాల్సి వచ్చిందట. ఆ కాసేపూ నేను ఎవరికి దండం పెట్టుకున్నానో నాకే తెలియదు. నాకప్పటికే తెలిసిపోయింది. పోపుల డబ్బా మూత దొర్లిన చప్పుడు చెవుల్లో మోగుతోంది.

విమానం పొట్టతో నేలని రాసుకుంటూ దుమ్ములోకి వెళ్లి ఆగింది. ముక్కు దగ్గరి పంకా వంగిపోయింది. బాబా భుజం దగ్గరి ఎముక విరిగింది. బతికాడు. మనిషి నడుచుకుంటూ బయటికొచ్చాక చాచా ఇసుకలోనే కూలబడిపోయాడు.

ఆ సాయంత్రం ఎడమ సిలిండరు విప్పాడు. చుట్టు నానబెట్టిన శనగగింజలాగా ఉబ్బి, కడ్డీని పట్టేసి ఉంది. దాన్ని రెండు వేళ్లతో నలిపాడు, వాసన చూశాడు. "ఇది నూనె తాగే రబ్బరు. బ్రేకుది," అన్నాడు. చాలాసేపు డబ్బా వైపు చూశాడు.

"అబ్బీ, ఈ డబ్బా యానాడైనా పడిందా?"

"లేదు చాచా."

"ఎవురన్నా ముట్టినారా?"

"లేదండి."

"అయితే నేనే," అన్నాడు.

అంత తొందరగా నమ్మేశాడు. ఆయన మళ్లీ అడిగి ఉంటే, ఒక్కసారి నా ముఖంలోకి చూసి ఉంటే చెప్పేసేవాణ్ణేమో అని చాలాసార్లు అనుకున్నాను. అదీ దొంగమాటే. నా తప్పుని ఆయన చూపు మీద నెట్టేస్తున్నాను.

మర్నాడు చాచా, షెడ్డుకి వచ్చేవాళ్లకి బాబా టీ ఇచ్చే చిన్న గాజు గ్లాసులు పదకొండు తెచ్చి బల్ల మీద వరసగా పేర్చాడు. అన్నింట్లో ఎర్ర నూనె పోశాడు. ఆరు గిన్నెల్లో మిగిలిన చుట్లు పదకొండూ గ్లాసుకొకటి వేశాడు. రోజూ పొద్దున చక్రాల ముఖం కడగాల్సిన వేళకి ఆ గ్లాసుల ముందు కూర్చునేవాడు. చక్రాలు లేవు కదా ఇంక. నాలుగో రోజుకి రెండు గ్లాసుల్లో చుట్లు ఉబ్బాయి. మిగతా తొమ్మిదీ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"సిలిండరులోది ఒగటి, ఇయి రెండు. మూడుసార్లు తప్పినా," అన్నాడు. "ఒగసారంటే నిద్రమబ్బు అనుకోవచ్చు. మూడుసార్లంటే కండ్లు పోయినట్టే గదా అబ్బీ?"

ఆ గ్లాసుల పక్కనే నేను నిలబడి ఉన్నాను. అంతకంటే మంచి సమయం ఇంకేం దొరుకుతుంది? ఆ మూడూ నావి చాచా, మూడూ నేనే వేశాను, అంటే అయిపోయేది. "టీ తెమ్మంటారా?" అన్నాను.

బాబా ఆయన్ని పొమ్మనలేదు, అది అందరూ తెలుసుకోవాలి. చెయ్యి మెడకి కట్టుకుని షెడ్డుకి వచ్చి, ఎవరు బిగించారని అడిగాడు. "అనా," అన్నాడు చాచా, నేనే అని. బాబా "మాలిష్," అన్నాడు. పర్లేదు, బతికే ఉన్నాను, మళ్లీ కట్టుకుందాం ఉండు అని రెండుసార్లు అడిగాడు. చాచానే ఒప్పుకోలేదు. తన కుడిచెయ్యి ఎత్తి చూపించి, "ఖలాస్ బాబా. ఏ హాథ్ ఖలాస్," అన్నాడు, ఈ చెయ్యి పని అయిపోయింది అని.

ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా అప్పుడే కొత్తగా కొట్టించారు కాబట్టి భయపడి నోరు మూసుకున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. భయం అంటే కాస్త గౌరవంగా ఉంటుంది. కానీ బాబా ఆయన్ని మన్నించడం నా కళ్లారా చూశాను. నన్ను కూడా మన్నించేవాడు. నాకు అడ్డొచ్చింది సిగ్గు. ఒకసారి లేదన్నవాణ్ణి మళ్లీ అవునని ఎలా అంటాను? ఇంత చిన్న సిగ్గుకి ఒక మనిషి పాతికేళ్ల పనితనం ఇచ్చేశాను.

నెల తర్వాత ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను. కారులో ఇద్దరమే. తాడు కట్టిన అట్టపెట్టె వెనక సీట్లో, పోపుల డబ్బా ఆయన ఒళ్లో. ఫర్వానియా దాటాక కుడిచెయ్యి చాచి నా ముందు పెట్టాడు.

"నువ్వు దగ్గరుండి సూసినావు గదా. ఈ చెయ్యి వణుకుతాందా అబ్బీ? నిజం చెప్పు."

చూశాను. రాయిలాగా ఉంది.

"లేదు చాచా. అస్సలు వణకట్లేదండి. మీ చెయ్యి బంగారం."

"నువ్వు నా మనసుకు కష్టమైతాదని అంటాండావులే," అన్నాడు.

ఆయనతో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని ఆయన మంచితనం అనుకున్నాడు.

దిగేటప్పుడు డబ్బా నా చేతుల్లో పెట్టాడు. "దీంట్లో ఇప్పుడు తప్పుడువి లేవు. అన్నీ నూనెలో ఏసి చూసినా. ఇంగ నువ్వే చూసుకోవాల," అన్నాడు. ఆ తర్వాత ఆయన పని నాకే వచ్చింది. రెండేళ్లు పట్టి బాబా విమానం మళ్లీ కట్టాడు. నాలుగేళ్లుగా ఆ షెడ్డులో నేనున్నాను. ఎడమచేతి చిటికెన గోరు పెంచాను. కొత్త చుట్టు ఏది వచ్చినా నాలుగు రోజులు టీ గ్లాసులో నానబెట్టకుండా వెయ్యను. చేతిలోంచి ఏది జారినా, ఒంటరిగా ఉన్నా సరే, అరుస్తాను. బాబా స్నేహితులు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ.

పండక్కి పండక్కి చాచా వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. పిల్లలు బాగున్నారా, బాబా బాగున్నాడా, ఆఖర్న నవ్వుతూ, "ఏమన్నా పడిందా అబ్బీ?" నేను కూడా నవ్వుతూనే, "లేదు చాచా," అని పంపేవాణ్ణి.

మంగళవారం కబురు తెలిసినా, గురువారం దాకా ఫోను చేయడానికి చెయ్యి రాలేదు. షెడ్డులో మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన నంబరుకే చేశాను. వాళ్లావిడ ఎత్తారు.

"నేనండి చాచీ, కువైట్ నుంచి. షెడ్డులో చాచాతో పనిచేసేవాణ్ణి."

"అబ్బివా నువ్వు?" అన్నారు. గొంతు బొంగురుపోయి ఉంది. "ఆయన నీ పేరు ఎప్పుడూ చెప్పల్యా నాయనా. అబ్బీ అనే అంటాన్న్యాడు. తిన్నావా?"

తిన్నానన్నాను. చాచా చివరి రోజుల గురించి అడిగాను. ఆవిడ చెప్పుకుంటూ పోయారు. ఊళ్లో క్రేన్ల వాళ్లు, బోరుబండ్ల వాళ్లు ఇంటికొచ్చి పిలిచినా ఆయన వెళ్లలేదట. పనిముట్ల పెట్టె మంచం కిందినుంచి తీయలేదట.

"గ్యాసు బండ కూడా మార్చల్యా నాయనా ఆయన," అన్నారు. "దాని మూతిలో రబ్బరు ఉంటాది గదా, అది సరిగ్గా కూకున్నిందో లేదో నా కండ్లకు తెల్దు, ఇల్లు కాలిపోతాది అని పక్కింటోళ్లను పిలుస్తాన్న్యాడు. పొద్దుగూకులూ ఇమానాలకు రబ్బర్లు ఏసినోడు. వాళ్లు మారుస్తాంటే ఈయన వాకిట్లో పోయి నిలబడుకుంటాన్న్యాడు."

నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఎదురుగా బల్ల మీద పోపుల డబ్బా ఉంది.

"చాచీ, ఆ తప్పు చాచాది కాదండి," అన్నాను. ఆగితే ఆగిపోతానని ఆగకుండా చెప్పాను. శుక్రవారం, మోచెయ్యి, దొర్లిన చుట్లు, నడిమి గిన్నె. ఆయన అడిగారని, లేదన్నానని. అన్నిసార్లూ లేదన్నానని.

అటువైపు ఎవరో పిల్ల ఏదో అడిగితే, "ఉండు," అన్నారు.

"నాలుగేండ్లు నాయనా," అన్నారు చివరికి.

"అవునండి."

"అయితే ఆయన కండ్లు బాగానే ఉన్న్యాయా?"

"బాగానే ఉన్నాయండి."

"చెయ్యి?"

"చెయ్యి కూడా చాచీ. ఆయన బిగించింది సరిగ్గానే బిగించారు. గిన్నెలో వేసింది నేను."

ఆవిడ ఏడ్చారు. తిడతారనుకున్నాను, తిట్టమని మనసులో దండం పెట్టుకున్నాను. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు.

"ఈ మాట నాకు చెప్తే నేనేం చేసుకోవాల?" అన్నారు. ముక్కు చీదుకున్నారు. "రేపు జుమ్మా. పెద్దోడు నమాజు కాంగానే గోరీ కాడికి పోతాడు. వాణ్ణి చెప్పమంటా. ఏమని చెప్పమంటావు?"

ఆయన మాట ఒకటే నోటికి వచ్చింది.

"పడింది అని చెప్పమనండి చాచీ. డబ్బా పడింది, నా చెయ్యి తగిలే పడింది అని."